ఎక్కువేసిన ఎరువు ఎక్కడికి పోతుంది?

మీరు రాసింది ముందు ఒకసారి చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. పాలకొల్లు దగ్గర మూడెకరాల కౌలు, సార్వాలో (ఖరీఫ్‌లో) స్వర్ణ రకం వరి ఊడ్చారు. ఎకరాకి దమ్ములో (ఊడ్పుకి ముందు బురద దున్నేటప్పుడు) ఒక బస్తా డీఏపీ, అంటే నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు. ఊడ్చిన 20 రోజులకి ఇంకో బస్తా డీఏపీ, దాంతోపాటు ఒక బస్తా యూరియా. 40 రోజులకి బస్తాన్నర యూరియా, పొట్ట మీద (కంకి బయటపడేముందు) మరో బస్తా. పొటాష్ వెయ్యలేదు. చేను నల్లగా ఏపుగా ఎదిగింది. ఇప్పుడు దుబ్బుల్లో సుడిదోమ కనపడుతోంది, కొన్ని మళ్ళు ఒరుగుతున్నాయి. ఏటా ఎరువు పెంచుతున్నా దిగుబడి పెరగడం లేదు. ఎరువు ఎక్కువైతే నిజంగా నష్టమా, భూమి చచ్చిపోతుందంటున్నారు అది ఎంతవరకు నిజం, వచ్చే పంటకి ఎంత తగ్గించవచ్చు అని అడిగారు.

ముందు చేలో ఉన్న పంట సంగతి చూడండి. ఇక ఒక్క గింజ యూరియా కూడా వెయ్యకండి. ఆకు కాస్త పాలిపోయినట్టు కనపడినా సరే వెయ్యకండి. నీరు పూర్తిగా తీసేసి మడిని ఆరనివ్వండి. దోమ ఉండేది దుబ్బు మొదట్లో, నీటికి పైన బెత్తెడు ఎత్తులో. అక్కడికి గాలి, వెలుతురు తగలాలి. ఊడ్చేటప్పుడు కాలిబాటలు వదలకపోయి ఉంటే ఇప్పుడైనా రెండేసి మీటర్లకి చేను విడదీసి పాయలు తీయండి. మడికి 20 దుబ్బులు తట్టి లెక్కపెట్టండి. పిలకల దశలో దుబ్బుకి 10–15, ఈనిక దశలో (కంకి వేసేటప్పుడు) 20–25 దోమలు దాటితేనే మందు కొట్టాలి. పైమెట్రోజిన్ 50 శాతం పొడి ఎకరాకి 120 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలపండి. నాజిల్ కిందకి వంచి, దుబ్బు మొదలు తడిసేలా కొట్టాలి. ఆకుల మీద కొట్టిన మందు దోమకి తగలదు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి వెళ్ళకండి, అవి దోమని తినే సాలీళ్ళని, మిరిడ్ నల్లుల్ని చంపి దోమని ఇంకా పెంచుతాయి. ఒరిగిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి కట్టి నిలబెట్టండి. గింజ ముదిరాక పడి, పైన వాన పట్టుకుంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీద కొడితే మొలక రాకుండా కొంత ఆగుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. యూరియా బస్తా 45 కిలోలు (2018కి ముందు 50 ఉండేది). అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకి 20.7 కిలోలు. డీఏపీ 50 కిలోల బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. మీ మూడున్నర బస్తాల యూరియాలో 72 కిలోలు, రెండు బస్తాల డీఏపీలో 18 కిలోలు, కలిపి ఎకరాకి 90 కిలోల నత్రజని వేశారు. భాస్వరం 46 కిలోలు పడింది. పొటాష్ సున్నా. మన డెల్టాలో సార్వా వరికి చెప్పే మోతాదు ఎకరాకి 36 కిలోల నత్రజని, 24 భాస్వరం, 24 పొటాష్. హెక్టారు లెక్కన చెబితే నత్రజని 90 కిలోలు. అంటే రెండున్నర ఎకరాలకి వెయ్యాల్సిన నత్రజని మీరు ఒక్క ఎకరాలో వేశారు. పైగా స్వర్ణకి! 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఆ రకం ఇన్నేళ్ళు నిలబడడానికి ఒక కారణమే తక్కువ ఎరువుతో బాగా పండడం. ఎరువు ఎక్కువైతే అదీ పడిపోతుంది.

వేసిన 90 కిలోలూ మొక్క తినలేదు. నీరు నిలిచిన వరిచేలో వేసిన నత్రజనిలో మొక్కకి చేరేది సాధారణంగా నూటికి 30–40 పాళ్ళే. మిగిలింది ఎటు పోయిందో చూస్తే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు అందులోనే దొరుకుతుంది.

మొదటి దారి గాలి. యూరియా నీళ్ళలో పడ్డాక రెండు మూడు రోజుల్లో అమ్మోనియం రూపంలోకి మారుతుంది. నిలిచిన నీటిలో నాచు ఉంటే పగటిపూట ఎండకి అది నీటిలోని బొగ్గుపులుసు వాయువుని లాగేస్తుంది. దాంతో మిట్టమధ్యాహ్నానికి ఆ నీటి ఉదజని సూచిక (pH) 9 దాకా ఎక్కుతుంది, రాత్రికి మళ్ళీ దిగుతుంది. అంత క్షారంగా ఉన్న నీటిలో అమ్మోనియం అమ్మోనియా వాయువైపోయి గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ మీ 20 రోజుల డీఏపీ సంగతి ఆలోచించండి. భాస్వరం నేలలో కదలదు, పైన చల్లింది పైపొరలోనే ఉండిపోతుంది, వేళ్ళ దగ్గరికి పెద్దగా వెళ్ళదు. దాన్ని ముందుగా అందుకునేది నీళ్ళలోని నాచు. అది పచ్చటి తెట్టులా కడుతుంది, నీటి క్షారం పెరుగుతుంది, అదే రోజు వేసిన యూరియా గాలిలోకి లేచిపోతుంది. ఒక బస్తా డీఏపీ పెట్టి, పక్కనే వేసిన యూరియా బస్తాని మీరే తరిమేసినట్టయింది. ఇంత నష్టం చేసే అలవాటు మన వైపు ఇంకోటి లేదు. భాస్వరం మొత్తం ఆఖరి దమ్ములోనే వేసి మట్టిలో కలపాలి. పైపాటుగా (ఊడ్చాక పైన చల్లేదిగా) డీఏపీ గానీ, 28-28, 14-35-14 లాంటి కాంప్లెక్స్ ఎరువులు గానీ వెయ్యకూడదు.

రెండో దారి కూడా గాలే, కానీ మట్టిలోంచి వెళ్తుంది. మడిలో పైన ఒక పలుచని పొరకి మాత్రమే ఆక్సిజన్ అందుతుంది, దాని కింద ఉండదు. పై పొరలో అమ్మోనియం నైట్రేటుగా మారుతుంది, కిందికి దిగాక అక్కడి సూక్ష్మజీవులు దాన్ని నైట్రోజన్ వాయువుగా, కొంత నైట్రస్ ఆక్సైడుగా వదిలేస్తాయి. నైట్రస్ ఆక్సైడు భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకి 273 రెట్లు. కాలువ వంతులు తప్పి మడి నెర్రెలిచ్చేదాకా ఆరడం, మళ్ళీ నిండా నీరు పెట్టడం, ఇలా జరిగిన ప్రతిసారీ ఈ నష్టం పెద్దది. దాళ్వాలో (రబీలో) కాలువ చివరి శివారు ఆయకట్టు రైతులకి యూరియా వేసినా ఆకు పచ్చబడలేదనిపించేది ఇందుకే. పచ్చబడలేదని ఇంకో బస్తా వేస్తారు. అదీ అదే దారిన పోతుంది.

ఈ రెండు దారులూ చాలావరకు మూయవచ్చు, ఖర్చు లేదు. యూరియా వేసే ముందు రోజు మడిలో నీరు తీసేయండి, కాలు పెడితే అడుగు జాడ పడేంత బురద పదును మాత్రం ఉండాలి. ఆ బురద మీద చల్లండి. వీలైతే వెంటనే కలుపు యంత్రంతో గానీ చేత్తో గానీ ఒకసారి కెలకండి, 24 నుంచి 48 గంటలు ఆగి పలుచగా నీరు పెట్టండి. నిండు నీటిలో యూరియా చల్లడం, వాన మబ్బు చూసి చల్లడం, మంచు ఆరకముందు ఆకులు తడిగా ఉన్నప్పుడు చల్లడం, మూడూ తప్పే. ఆకు తడి మీద పడ్డ గింజ ఆకుని మాడుస్తుంది కూడా. 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి గానీ 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి రెండు రోజులు నిల్వ ఉంచి చల్లితే కరగడం నెమ్మదిస్తుంది. 2015 నుంచి మనకి వచ్చే యూరియా అంతా వేపనూనె పూసిందే కదా అని అడగవచ్చు. ఆ పూత నైట్రేటుగా మారడాన్ని కొంత ఆపుతుంది గానీ నిండు నీళ్ళలో పోస్తే అమ్మోనియా లేచిపోవడాన్ని ఆపలేదు. గుళికల మందుని యూరియాతో కలిపి చల్లే అలవాటూ మానండి. గుళికలకి పలుచగా నీరు నిలవాలి, యూరియాకి నీరు తీయాలి. రెండూ ఒకేసారి కుదరవు. గుళికలు పొడి ఇసుకలో కలిపి విడిగా చల్లుకోండి.

మూడో దారి నీరు. మన డెల్టా చేలు చాలావాటికి సొంత బోదె (నీటి పిల్లకాలువ) ఉండదు, పై చేలోంచి కింది చేలోకి, అక్కడినుంచి ఇంకో చేలోకి నీరు పారుతుంది. మీరు పొద్దున చల్లిన యూరియా, మడవ (గట్టులో నీరు పారే గండి) తెరిచి ఉంటే, సాయంత్రానికి కింది రైతుది. ఆఖరికి మురుగు కాలువది. ఎరువు వేసేముందు పైనుంచి వచ్చే మడవ, కిందికి పోయే మడవ రెండూ మట్టితో గట్టిగా మూసేయాలి, ఎలుక బొరియలు చూసుకోవాలి, పై రైతుకి, కింది రైతుకి ఒక మాట చెప్పాలి. కనీసం మూడు రోజులు ఆ గట్టు దాటి చుక్క పోకూడదు.

ఎకరాకి పోయేది కొద్దేగా అనుకోకండి. ధవళేశ్వరం బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. పొలాల్లోంచి దిగే నత్రజని, భాస్వరం, చేపల చెరువుల నీటితో వచ్చేది, ఊళ్ళ మురుగు, అన్నీ కలిసి యనమదుర్రు లాంటి మురుగు కాలువల్లోకి, ఒకపక్క కొల్లేరులోకి, ఉప్పుటేరులోకి, సముద్రంలోకి చేరుతున్నాయి. గుర్రపుడెక్క ఆ నీటిలో ఎలా ఎదుగుతుందో మీకు చెప్పక్కర్లేదు, దానికి మన యూరియా, డీఏపీలే మేత. డెక్క పట్టిన మురుగు కాలువ నీటిని లాగదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వానలు పడితే నీరు వెనక్కి తన్ని అదే చేలు మునుగుతాయి. మునిగి తేరాక మళ్ళీ ఎరువు వేస్తాం. మన ముంపుకి పూడిక, ఆక్రమణ, సముద్రపు పోటు, ఇన్ని కారణాలున్నాయి నిజమే, అందులో మనం చేత్తో చల్లే వాటా కూడా ఉంది. అది ఒక్కటే మనం రేపు పొద్దున్నే మానగలిగింది. పైగా డెల్టాలో చాలా ఊళ్ళు కాలువ నీటినే మంచినీళ్ళ చెరువుల్లో నింపుకుని తాగుతాయి. తాగేనీటిలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే ఆ నీటితో పాలు కలిపి పట్టే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తి కోల్పోతుంది. నిండు నీటి వరిచేల బంకమట్టిలోంచి నైట్రేటు కిందకి దిగడం తక్కువే. లంకల్లో ఇసుక నేలల్లో అరటి, కూరగాయలు, పసుపు వేసేవాళ్ళకి మాత్రం ఈ మాట బాగా వర్తిస్తుంది. అక్కడ ఒకేసారి బస్తాలు కుమ్మరించి నీళ్ళు కడితే అది వేళ్ళు దాటి బోరు నీటిలోకే వెళ్తుంది. అలాంటి నేలకి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వెయ్యడమే పద్ధతి.

ఇన్ని దారుల్లో పోగా మొక్క తిన్నది కూడా అవసరానికి మించే తిన్నది, మీ చేను నల్లబడింది అందుకే. మనవాళ్ళు చేను రంగు చూసి పంటని మెచ్చుకుంటారు. ఆ నలుపే ప్రమాదం. నత్రజని ఎక్కువైన మొక్క రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, ఆ రసం తాగిన సుడిదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎక్కువ బతుకుతాయి. ఆకులు మెత్తగా వెడల్పుగా పెరిగి ఒకదానిమీద ఒకటి వాలి, లోపల గాలాడక ఉక్కగా ఉంటుంది. పాముపొడ తెగులు శిలీంధ్రపు గింజలు నీటిమీద తేలుతూ వచ్చి కాండానికి నీటి మట్టం దగ్గర అంటుకుంటాయి. అలాంటి ఉక్కలో అవి దుబ్బునుంచి దుబ్బుకి ఒక వారంలో పాకుతాయి. ఎండాకు తెగులు, అగ్గితెగులు, ఆకుముడత, అన్నిటికీ ఇదే తీరు. ఎండాకు తెగులు కనపడితే నత్రజని వెయ్యడం వెంటనే ఆపాలి, దానికి యూరియా వెయ్యడం అంటే నిప్పుకి గాలి ఊదడమే. మందుల కొట్టుకి మీరు కట్టే బిల్లులో ఎంత వాటా యూరియా బస్తా లోంచి పుట్టిందో ఒకసారి కూర్చుని లెక్క చూడండి.

పడిపోవడం కూడా ఇందులోంచే. నత్రజని ఎక్కువై, పొటాష్ లేకపోతే కింది కణుపులు పొడుగ్గా పలుచగా సాగుతాయి, కాండం గోడ గట్టిపడదు. గింజ బరువెక్కే సమయానికి మనకి తుపాన్ల కాలం. 2013 నవంబరులో హెలెన్ వచ్చినప్పుడు కోతకి వచ్చిన చేలే నేలమట్టమయ్యాయి. అంత గాలికి అన్ని చేలూ పడతాయి, కాదనను. మామూలు ఈదురు గాలికే పడేది మాత్రం ఎరువుతో మెత్తబడ్డ చేను. పడిన చేను యంత్రంతో కోయడానికి గంటలు పెరుగుతాయి, గింజ రంగు మారుతుంది, తేమ పేరు చెప్పి ధర కోస్తారు. కౌలు రైతుకి ఈ నష్టం రెట్టింపు, ఎందుకంటే కౌలు బస్తాలు తగ్గవు.

మీరు 40 రోజులకి వేసిన బస్తాన్నర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వరికి నత్రజని నిజంగా కావలసింది పిలకలు కట్టేటప్పుడు, మళ్ళీ వెన్ను (కంకి) అంకురం పడేటప్పుడు. కోతకి సుమారు 60–65 రోజుల ముందు అంకురం పడుతుంది. స్వర్ణ 150 రోజుల పంట కాబట్టి విత్తనం చల్లిన 85–90 రోజులకి, 30 రోజుల నారు ఊడ్చి ఉంటే ఊడ్చిన 55–60 రోజులకి. 120–125 రోజుల రకాలకి విత్తిన 55–60 రోజులకే వస్తుంది. తేదీ లెక్క మీద పూర్తిగా ఆధారపడకుండా నాలుగైదు చోట్ల దుబ్బులో పెద్ద పిలకని వేరుతో పీకి, మొదట్లో బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి. ఆఖరి కణుపు మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్లటి కూచిమొన కనపడితే అదే అంకురం. స్వర్ణకి 40 రోజులప్పుడు వేసింది ఈ రెంటికీ చెందదు. అది ఆలస్యపు పిలకల్ని పుట్టిస్తుంది. వాటిలో చాలావరకు కంకే వెయ్యవు, వేసినవి తాలు పోతాయి, ఉన్నంతకాలం నీడ, ఉక్క, దోమ. పొట్ట మీద వేసిన బస్తా ఇంకా చెడ్డది, ఆకు పచ్చగా నిలిచి కోత వెనక్కి పోతుంది, గింజలో పాలు పడాల్సినప్పుడు తెగులు పడుతుంది.

ఇక నేలలో మిగిలిపోయేది ఏమిటి? భాస్వరం. నత్రజనిలా ఇది ఎగిరిపోదు, ఏటేటా పోగుపడుతుంది. మీ దిగుబడి పెరగకపోవడానికి దీన్ని ఒక ముఖ్య అనుమానితుడిగా చూడాలి, కారణం జింకు. భాస్వరం ఎక్కువైన చోట జింకు మొక్కకి అందడం తగ్గుతుంది, నీరు నిలిచిన నేలలో జింకు అందుబాటు అసలే తక్కువ. ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాల్లో చేను అక్కడక్కడ గిడసబారడం, ఆకు మధ్య ఈనె మొదట్లో తెల్లబడడం, ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు, ఆకు పెళుసుగా వంచితే చిటుక్కుమని విరగడం, ఇవి జింకు లోపం గుర్తులు. సరిగ్గా ఇక్కడే తప్పు జరుగుతుంది. చేను ఎదగలేదని ఇంకో బస్తా డీఏపీ గానీ కాంప్లెక్స్ గానీ వేస్తారు, లోపం ఇంకా ముదురుతుంది. కావలసింది జింకు సల్ఫేటు. ప్రతి రెండు మూడు పంటలకి ఒకసారి ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోలు వెయ్యండి. చేలో గుర్తులు కనపడ్డాక అయితే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద కొట్టండి. డీఏపీలో కలిపి జింకు సల్ఫేటు వెయ్యకూడదు, రెండూ కలిసి కరగని పదార్థమవుతుంది. రెంటికీ కనీసం మూడు రోజులు ఎడం ఉండాలి.

భూమి చచ్చిపోతుందన్న మాటకి వస్తే, అందులో సగమే నిజం. యూరియా వల్ల నేల చౌడైపోతుందన్నది మన డెల్టాకి సరిపోదు. నరసాపురం, అంతర్వేది, కాట్రేనికోన వైపు ఉప్పు పెరగడానికి కారణం సముద్రపు పోటు, మురుగు దిగకపోవడం, ఉప్పునీటి చెరువులు. వానపాములు యూరియా తగలగానే చస్తాయన్నదీ అతిశయమే, నిండు నీటి మడిలో అవి ఎలాగూ తక్కువ. నిజం ఏమిటంటే రెండు పంటలూ వరే వేసి, గడ్డి తగలబెట్టి, పశువుల ఎరువు మానేసి, బస్తాల మీదే నడిపితే నేలలో సేంద్రియ పదార్థం పడిపోతుంది. అది పడిపోయిన నేల వేసిన ఎరువుని పట్టి ఉంచలేదు, అందుకే అదే దిగుబడికి ఏటా ఇంకొంచెం వెయ్యాల్సి వస్తోందనిపిస్తుంది. ఎరువు విషం కాదండి. లెక్క తప్పడం, చోటు తప్పడం, సమయం తప్పడం, ఈ మూడే నష్టం చేస్తున్నాయి. మొత్తం మానేసి ఒక్కసారిగా సేంద్రియానికి మారమని కౌలు రైతుకి చెప్పడం నాకు న్యాయంగా తోచదు. మొదటి రెండేళ్ళ దిగుబడి తగ్గుదల ఎవరు భరిస్తారు?

వచ్చే సార్వాకి ఇలా చేయండి. ఎకరాకి డీఏపీ ఒక బస్తా, యూరియా 60 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 40 కిలోలు. దీంతో నత్రజని 36, భాస్వరం 23, పొటాష్ 24 కిలోలు అందుతాయి. డీఏపీ మొత్తం, యూరియా 7 కిలోలు ఆఖరి దమ్ములో వేసి మట్టిలో కలపండి. బరువు నేలైతే పొటాష్ మొత్తం అప్పుడే, ఇసుక పాలు ఉన్న నేలైతే సగం అప్పుడు, సగం అంకురం దశలో వేయండి. ఊడ్చిన 15–20 రోజులకి, కలుపు తీశాక యూరియా 26 కిలోలు. అంకురం చూసి మిగిలిన 27 కిలోలు. అంతే, ఆ తరవాత లేదు. మూడున్నర బస్తాల చోట ఒక బస్తా 15 కిలోలు. యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 1,350 లెక్కన ఎకరాకి 1,900 పైన మిగులుతుంది, పొటాష్ దానిలోంచే కొనుక్కోవచ్చు. కొట్టువాడు యూరియాతో లింకు పెట్టి అంటగట్టే డబ్బాలకి ఆ డబ్బు పెట్టకండి. దాళ్వాలో ఎండ ఎక్కువ, దిగుబడి ఎక్కువ, కాబట్టి నత్రజని సార్వాకి రెట్టింపు దాకా, ఎకరాకి 72 కిలోల వరకు వెళ్ళవచ్చు, అయినా మూడు భాగాలుగానే. సార్వా మోతాదుని దాళ్వా మోతాదుతో కలగలిపేయడం కూడా ఈ ఎక్కువ వాడకానికి ఒక కారణం. మునిగి తేరిన చేనుకి మాత్రం నీరు తీశాక 20 కిలోల యూరియా, 10–15 కిలోల పొటాష్ అదనంగా వేయవచ్చు, అది కూడా పిలకల దశలో అయితేనే.

ఆకుమడిని (నారుమడిని) మరిచిపోకండి, ఎకరా ఊడ్పుకి సరిపడే 5 సెంట్ల మడికి 2 కిలోల నత్రజని చాలు, సగం విత్తనానికి ముందు, సగం 12–14 రోజులకి. అంతకి మించితే నారు పొడుగ్గా సాగి, పీకేటప్పుడే తెగి, ఊడ్చాక తేరుకోదు.

ఒక్కసారిగా ఇంత తగ్గించడానికి చెయ్యి ఆడకపోతే మూడెకరాల్లో ఒక ఎకరానే ఇలా చేసి మిగతా రెండెకరాల పక్కన పెట్టి చూడండి. రంగు తక్కువగా ఉంటుంది, భయపడకండి. ఆ భయానికి మందు ఆకు రంగు పట్టీ. ప్లాస్టిక్ బద్ద మీద లేతాకుపచ్చ నుంచి ముదురాకుపచ్చ వరకు గడులుంటాయి. ఊడ్చిన 14 రోజుల నుంచి అంకురం దశ వరకు వారం పది రోజులకోసారి, ఉదయం 8–10 మధ్య, ఎండకి మీ వీపు అడ్డం పెట్టి, పది దుబ్బుల్లో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకుని పట్టీ మీద పెట్టి చూడండి, ఆకు తెంపకండి. పదింట్లో ఆరు ఆకులు స్వర్ణకైతే 3వ గడి కంటే లేతగా, మిగతా అధిక దిగుబడి రకాలకి 4వ గడి కంటే లేతగా ఉంటేనే పైన చెప్పిన లెక్కలోంచి 25 కిలోల యూరియా వేయండి. లేకపోతే ఆ వారం చేతులు కట్టుకు కూర్చోవడమే పని.

భాస్వరం ఎంత తగ్గించాలో మట్టి పరీక్షే చెబుతుంది. దాళ్వా కోతయ్యాక, ఎరువు ఏదీ పడకముందు నమూనా తీయండి. గట్లు, చెట్ల నీడ, పెంటపోగు పెట్టిన చోటు వదిలేసి ఎకరాలో 8–10 చోట్ల ఆంగ్లపు వి అక్షరంలా 15 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, అంచునుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంతో పలుచగా చెక్కండి. అన్నీ కలిపి నీడన ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. ఎరువు సంచిలో పెట్టి ఇవ్వకండి, ఫలితం తప్పుతుంది. మట్టి పరీక్ష కార్డులో భాస్వరం ఎక్కువ అని వస్తే 30 శాతం తగ్గించండి, అంటే డీఏపీ 35 కిలోలు. నీరు నిలిచిన నేలలో ఇనుముతో బిగుసుకున్న భాస్వరం దానంతటదే విడుదలవుతుంది కాబట్టి తగ్గించడమంటూ జరిగితే సార్వాలోనే తగ్గించండి, చలిలో మొదలయ్యే దాళ్వాలో కాదు. నత్రజని తక్కువ అని దాదాపు అందరికీ వస్తుంది, దాన్ని చూసి బస్తాలు పెంచవద్దు, పచ్చిరొట్ట పెంచండి.

పచ్చిరొట్టకి మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఖాళీ ఉంది. కాలువలు కట్టేసేలోపు, చివరి తడి పదునులో ఎకరాకి 10–12 కిలోల జీలుగ చల్లండి. పూతకి వచ్చేవేళ, 45 రోజుల దగ్గర కలియదున్ని నీరు పెట్టండి. పైన ఒక బస్తా సూపర్ ఫాస్ఫేటు చల్లితే త్వరగా కుళ్ళుతుంది, అప్పుడు ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవాలి. బాగా పెరిగిన జీలుగ ఎకరాకి 20 కిలోల పైనే నత్రజని ఇస్తుంది, దాదాపు ఒక బస్తా యూరియా. కౌలు పొలమే కదా, వచ్చే ఏడు ఎవరిదో అనుకుంటే పిల్లిపెసర వేయండి, పశువులకి మేతా అవుతుంది, నేలకీ మిగులుతుంది. యంత్రం కోసిన గడ్డి తగలబెట్టకండి. టన్ను వరిగడ్డిలో 5–8 కిలోల నత్రజని, 14–20 కిలోల పొటాష్ ఉంటాయి. మొక్క తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలోనే ఉంటుంది. గడ్డి అమ్మేసి, మిగిలింది కాల్చేసి, పొటాష్ కొనకపోతే మీ చేలో ఆ ఖాతా ఏటా తరుగుతూనే ఉంటుంది.

నానో యూరియా సీసాతో బస్తా మానేయవచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. మొదట వచ్చిన అరలీటరు సీసాలో 4 శాతం లెక్కన 20 గ్రాముల నత్రజని, తరవాత వచ్చిన 20 శాతం దానిలో 100 గ్రాములు. బస్తాలో 20.7 కిలోలు. ఆకు మీద కొట్టింది కొంత పచ్చదనం ఇవ్వవచ్చు గానీ బస్తాకి బదులుగా లెక్క వేసుకోకండి. పైన చెప్పిన 60 కిలోల్లోంచి దానికోసం ఏమీ తీసేయకండి.

కార్డు వచ్చాక అందులోని భాస్వరం, పొటాష్, జింకు, ఉదజని సూచిక, లవణ పరిమాణం అంకెలు ఇక్కడ పెట్టండి. దాంతోపాటు నేల బరువుదా తేలికదా, మీ చేను బోదె వారనుందా శివారులో ఉందా కూడా రాయండి, దాళ్వా మోతాదు దాన్నిబట్టి సరిచేసి చెబుతాను.